పిల్లి పుట్టినరోజుకి ఇడ్లీ పాత్రలో కేక్

రాజమండ్రి నుంచి మాట్లాడుతున్నాను. పోయినేడాది మా పిల్లి పుట్టినరోజుకి మనం తినే క్రీమ్ కేకే కాస్త పెట్టాను. రాత్రంతా విరేచనాలండి, పాపం. తప్పు నాదే. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. పైగా పిల్లికి తీపి రుచే తెలియదు! ఆ కేక్‌లో చాక్లెట్, ఎండుద్రాక్ష ఉంటే ఇంకా ప్రమాదం.

ఈసారి కొర్రమీనుతో చేశాను. ముళ్లు తక్కువ. పులస ఎందుకు కాదంటారా? ముళ్లు ఎక్కువ, పైగా ఆ ధరకి కొని పిల్లికి పెడితే ఇంట్లో నాకు అన్నం పెట్టరు.

50 గ్రాముల ముక్కని ఉప్పు లేకుండా ఉడికించి, వేళ్లతో నలుపుతూ ప్రతి ముల్లూ తీసేయండి. ఒక గుడ్డు గిలక్కొట్టి కలపండి. రేకుకి చుక్క నూనె రాసి, పావుగంట ఆవిరి మీద ఉంచితే మూడు ఇడ్లీలొస్తాయి. గుడ్డు పూర్తిగా గట్టిపడాలి.

రుచి కోసమని చేపల పులుసు మాత్రం పైన పోయకండి. అందులో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి కదా, అవి పిల్లి రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. ఉడికించినా, పొడి చేసినా అంతే. నీరసం, చిగుళ్లు పాలిపోవడం కొన్ని రోజుల తర్వాత గానీ బయటపడకపోవచ్చు. తిన్నదని తెలిస్తే ఆగకుండా పశువుల డాక్టరుకి చూపించండి.

నాలుగు కిలోల పిల్లికి రోజుకి సుమారు 200 కేలరీలు చాలు. ఇలాంటి విందు అందులో పదో వంతు దాటకూడదు, అంటే అర ఇడ్లీ. కొవ్వొత్తి వద్దండి, మీసాలు కాలతాయి. మాది అర ఇడ్లీ తినేసి రేకు కూడా నాకింది.