ఊపిరి త్రోవ

మెదడునకో నరములకో జబ్బు చేసినప్పుడు మనము రోగి తలవంకనే చూతుము. కాని అతనికి మొదటి గండము గొంతులో నుండును. మెతుకు దారి తప్పిన పొలమారును. ఎవరో తలచుకొనుచున్నారని పెద్దలు మాడుపై తట్టుదురు. నిజమునకు ఆ దగ్గు ఊపిరితిత్తులకు కాపలా. పక్షవాతముచేతనో, తలదెబ్బచేతనో స్పృహ తప్పినవానికి ఆ కాపలా యుండకపోవచ్చును. వెల్లకిల పరుండినచో నాలుక వెనుకకు జారి గాలికి అడ్డుపడును. ఉమ్మి, వాంతి లోనికి దిగును.

1952వ సంవత్సరమున డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగెనులో పోలియో చెలరేగెను. బ్లెగ్‌డాం ఆసుపత్రిలో మొదటి వారములలో ఊపిరి కండరములు చచ్చుబడిన 31 మందిలో 27 మంది మరణించిరి. వ్యాధి మెదడునే హరించినదని వైద్యులు తలచిరి. బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తువైద్యుడు మాత్రము, గాలి చాలక ఒంటిలో బొగ్గుపులుసు వాయువు పేరుకొనుచున్నదని గ్రహించెను. ఆగస్టు 27వ తేదీన పండ్రెండేండ్ల బాలికకు మెడ ముందు భాగమున శ్వాసనాళమునకు రంధ్రము చేయించి, గొట్టమమర్చి, కఫమును పీల్చివేయించి, రబ్బరు సంచిని చేతితో నొక్కుచు గాలి పంపెను. బాలిక బ్రతికెను.

యంత్రములు చాలవు. కావున సుమారు 1500 మంది వైద్యవిద్యార్థులు, అనగా మీ అన్నల, అక్కల యీడువారు, వంతులవారీగా రేయింబవళ్లు సంచులు నొక్కిరి. నూటికి ఎనుబదికి పైబడిన మరణములు క్రమముగా సగమునకంటె తగ్గెను. క్రొత్త మందేదియు లేదు. త్రోవ తెరచి గాలి పంపిరి, అంతియే.

నేడు ముందుగా నోటినుండి గొట్టము వేయుదురు. చాలదినములు కావలసినచో మెడకు రంధ్రము చేయుదురు. "గొంతు కోసినారు" అని ఇంటివారు గగ్గోలుపడుట కలదు. అప్పుడు గాలి స్వరతంతువులను తాకదు గనుక మాట రాదు. గొట్టము తీసిన పిమ్మట రంధ్రము సాధారణముగా పూడిపోవును. సంతకమునకు తెచ్చిన కాగితము మనకు రాని భాషలో నున్నచో, చదివించుకొని అర్థమగువరకు అడుగుటకు మొగమాటమేల?

ఇక ఇంటి సంగతి. స్పృహలేనివాని నోట సోడాగాని, కాఫీగాని, తులసితీర్థముగాని పోయరాదు. మూర్ఛ వచ్చినవాని పండ్ల నడుమ చెంచా దూర్చరాదు. చేత పెట్టు తాళపుచెవుల గుత్తి వలన ఫలము లేదు. ఊపిరి ఆడుచున్నచో ప్రక్కకు ఒత్తిగిల్లజేసి, నోరు కొంచెము నేలవైపు వంచి, 108కి కబురుచేసి, బండి వచ్చువరకు ఊపిరి గమనించుచు ప్రక్కనే కూర్చుండవలెను. ఊపిరి ఆగినచో ఆ మాట ఫోనులో వెంటనే చెప్పవలెను.