దసరా సెలవుల్లో చైత్రం

తెలంగాణలో బతుకమ్మలు పేర్చే రోజుల్లో న్యూజిలాండ్‌లో చెట్లు చిగురు తొడుగుతుంటాయి. మనకు ఆశ్వయుజం, వాళ్లకు చైత్రం అనుకోవచ్చు. దసరా సెలవుల్లో పిల్లలతో కారులో ఓ పరాయి దేశం చుట్టిరావాలనుకునేవాళ్లకు అక్కడి దక్షిణ దీవి బాగా కుదురుతుంది. సింగపూర్ మీదుగా వెళ్లి క్రైస్ట్‌చర్చ్‌లో దిగొచ్చు. బండి మనలాగే ఎడమవైపు నడపాలి. ఇంగ్లిష్‌లో ఉన్న మన లైసెన్సు చెల్లుతుంది. ఏడేళ్లు నిండని పిల్లలకు ప్రత్యేక సీటు తప్పనిసరి. ఒళ్లో కూర్చోబెట్టుకుంటామంటే కుదరదు.

అసలు పరీక్ష విమానాశ్రయంలోనే మొదలవుతుంది. ఆవకాయ, కారప్పొడి, విమానంలో ఇచ్చిన ఆపిల్ పండు, ఏ తినుబండారమైనా ప్రవేశ పత్రంలో రాయాలి. రాయకుండా పట్టుబడితే 400 డాలర్ల జరిమానా. రాసి చూపిస్తే జరిమానా ఉండదు, మహా అయితే సరుకు పోతుంది. పొలాలూ పశువులే ఆధారమైన దేశం మరి, చెప్పుల కింది మట్టిని కూడా అనుమానంగానే చూస్తారు.

ఊరు దాటాక వేగ పరిమితి సాధారణంగా గంటకు 100 కిలోమీటర్లు. దాన్ని నమ్ముకుని రోజు లెక్క వేసుకుంటే బోల్తా పడతారు. దారులు చాలాచోట్ల రెండు వరుసలే, పైగా మలుపులు, మధ్యలో ఒక్క బండి మాత్రమే పట్టే వంతెనలు. ఎర్ర అంచు గుండ్రటి బోర్డులో మనవైపు బాణం చిన్నగా, ఎర్రగా ఉంటే ఆగి దారివ్వాలి. నీలం బోర్డులో మన బాణం పెద్దగా, తెల్లగా ఉంటే ముందు మనమే. ముందు హారన్ కొట్టినవాడిదే వంతెన అనే అలవాటును ఇంటి దగ్గరే వదిలి వెళ్లడం మంచిది.

క్రైస్ట్‌చర్చ్ నుంచి మూడు గంటల ప్రయాణంలో టెకాపో సరస్సు వస్తుంది. ఆ నీళ్ల నీలం చూసి పిల్లలు రంగు కలిపారా అని అడుగుతారు. ఒక రకంగా కలిపినట్టే. హిమానీనదాలు కొండరాళ్లను తిరగలిలా విసిరితే వచ్చిన పిండి నీళ్లలో తేలుతూ ఆ రంగు తెస్తుంది. ఆ పరిసరాల్లో చీకటినీ కాపాడుకుంటారు. 2012లో ఆ ప్రాంతానికి అంతర్జాతీయ 'డార్క్ స్కై రిజర్వ్' గుర్తింపు వచ్చింది. అక్కణ్నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే 3,724 మీటర్ల అవొరాకి, అంటే మౌంట్ కుక్. ఎవరెస్ట్ ఎక్కడానికి ముందు ఎడ్మండ్ హిల్లరీ రాటుదేలిన కొండల్లో ఇదొకటి. ఆయనే 1985 నుంచి నాలుగేళ్లపాటు ఢిల్లీలో న్యూజిలాండ్ హైకమిషనర్‌గా ఉన్నారు.

క్వీన్స్‌టౌన్ దగ్గర చాలామంది పడే పొరపాటు ఒకటుంది. కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపాయ మిల్ఫర్డ్ సౌండ్ పటంలో పక్కనే కనిపిస్తుంది. రోడ్డు మాత్రం కొండల్ని చుట్టుకుని 290 కిలోమీటర్ల దాకా పోతుంది. అందుకే దారిలోని టె అనౌ అనే ఊళ్లో రాత్రి ఆగి, ట్యాంకు నింపుకుని, పొద్దున్నే బయల్దేరాలి. అక్టోబర్‌లో కూడా మంచుచరియల భయంతో ఆ రోడ్డు మూసేయవచ్చు, టైర్లకు గొలుసులు కట్టమనవచ్చు. దారిలో 1.2 కిలోమీటర్ల హోమర్ సొరంగం ఉంది. 1935లో నిరుద్యోగులు గునపాలు, పారలతో మొదలుపెట్టిన పని అది. బండ్లు తిరిగేసరికి 1950లు వచ్చేశాయి. సొరంగం ముందు ఆగిన కార్ల మీద 'కియా' అనే కొండచిలుకలు వాలి రబ్బరు పీకుతుంటాయి. పిల్లలకు మహా సరదా, కారు అద్దెకు తీసుకున్న నాన్నకు కాదు. వాటికి తిండి పెట్టకూడదు.

తీరా మిల్ఫర్డ్ చేరాక వాన పడుతుంటే మొహాలు వేలాడేసుకోనక్కర్లేదు. ఏటా ఆరు మీటర్లకు పైగా వాన కురిసే చోటది. అక్కడ ఏడాది పొడవునా దూకే పెద్ద జలపాతాలు రెండే, బోవెన్, స్టిర్లింగ్. మిగతా వందలన్నీ వాన మొదలయ్యాకే రాతిగోడల మీంచి దిగుతాయి, ఆగిన కొద్ది గంటల్లో మాయమవుతాయి.