చిన్న ట్రాక్టరు ముందు ఇరుసున చమురు కారుట - సీళ్లు మార్చు విధము

సార్వా దమ్ములు ముగిసి ట్రాక్టర్లు ఇండ్లకు చేరినపిమ్మట, ముందు చక్రము లోపలి ప్రక్కన నల్లని జిడ్డుమరక కనబడుచున్నదని సభ్యులు పలువురు మాతో చెప్పుచున్నారు. నాలుగు చుక్కలే గదా, మరల పోసికొందమని విడిచిపెట్టువారును కలరు. కందెన లేని బండియిరుసు కిర్రుమని తన బాధను ఊరందరికిని చెప్పుకొనును. ట్రాక్టరు ఇరుసు అట్టిది కాదు. లోపలి పండ్లచక్రములు అరిగి ముక్కలగువరకు అది పలుకదు. అందుచే ఈ నెల ఈ విషయమును కొంత వివరముగా వ్రాయుచున్నాము.

మేము చెప్పునది నాలుగు చక్రములును లాగునట్టి చిన్న ట్రాక్టర్లను గూర్చి. ముందు చక్రములు ఊరక దొర్లు ట్రాక్టర్లకు హబ్బులో గ్రీజు మాత్రమే యుండును. నాలుగు చక్రముల బండికి ముందు ఇరుసు నడుమ గేర్లపెట్టె కలదు. అచ్చటినుండి ఇరువైపులకు కడ్డీలు పోవును. పెక్కు చిన్న ట్రాక్టర్లలో ఆ కడ్డీ కొనయందలి పండ్లచక్రము నిలువుకడ్డీని త్రిప్పును. నిలువుకడ్డీ క్రిందిభాగము చక్రపు ఇరుసును త్రిప్పును. ఇవన్నియు చమురులో మునిగియుండును. తిరుగుకడ్డీ పెట్టెనుండి వెలికివచ్చు ప్రతిచోటను ఒక సీలు కలదు. చక్రము వెనుక నొకటి, స్టీరింగుతోపాటు మలగు కీలువద్ద నొకటి, ఇంజను వైపునుండి కడ్డీ వచ్చి చేరు నడిమిచోట నొకటి. ఎచ్చట కారుచున్నదో తెలియవలెనన్న మొదట బురదను, జిడ్డును తుడిచి, ఒక గంట నడిపి, పిమ్మట చూడవలెను. చమురు క్రిందికి జారును గనుక, మరక యున్నచోటనే దోషమున్నదని తలంచరాదు. పైనున్న కీలు సీలు చెడి, క్రింద చక్రమువద్ద తడి కనబడుట సామాన్యము.

ఆయిలుసీలనగా ఇనుపకట్టుపై పోసిన రబ్బరుపెదవి. ఆ పెదవిచుట్టు ఉంగరమువంటి సన్నని స్ప్రింగు ఉండి దానిని కడ్డీకి అదుముచుండును. లోపలి పెదవి చమురును ఆపును. వెలుపల మరియొక చిన్నపెదవి మన్నును ఆపును. ఇది రెండుదిక్కుల కావలి యని గుర్తించవలెను. చమురు బయటికి పోవుచున్నదన్న నీరును బురదయు లోనికి పోవుటకు దారి యేర్పడినదన్నమాటయే. పోయిన చమురును మరల పోసికొనవచ్చును. లోపల చేరిన ఒండ్రు సానరాతివలె గేర్లను, బేరింగులను తినివేయును. డ్రెయిను బోల్టు కొద్దిగా వదలుచేసి చూడుడు: చమురు పాలు కలిపినట్లు తెల్లగా వచ్చినచో నీరు చేరినది.

నీరు చేరుటకు మరియొక కారణము కలదు. దీనిని మనలో చాలమంది ఎరుగరు. ఇరుసుపెట్టెకు గాలి పోవుటకు బ్రీదరు అను చిన్న రంధ్రముండును. పనిలో చమురు వేడెక్కినపుడు లోపలి గాలి పెరిగి దానిగుండ పోవును. చల్లారినపుడు మరల లోనికి వచ్చును. ఆ రంధ్రము బురదతో పూడినచో వేడిగాలి సీలుపెదవిని త్రోసి చమురును వెళ్లగొట్టును. పిదప వేడిగానున్న ఇరుసు చన్నీటి మడిలో దిగగానే లోపలిగాలి కుంచించుకొని, అదే పెదవిగుండ మడినీటిని పీల్చుకొనును. దమ్ములో రోజుకు ఎన్నిమారులు గట్టెక్కి దిగుదుమో, అన్నిమారులు ఇది జరుగవచ్చును.

మాకు కలిగిన అనుభవము నొకదానిని ఇచ్చట చెప్పుట మంచిది. సంఘము బాడుగకిచ్చు చిన్న ట్రాక్టరు దమ్ముల నడుమ ఎడమ ముందుచక్రమువద్ద కారనారంభించినది. పట్టణములో నొక షాపునకు పంపి సీలు మార్పించితిమి. ఎనిమిది దినములలో మరల కారినది. రెండవమారు మార్పించితిమి, అదియు దమ్ములు ముగియకమునుపే చెడినది. మేము షాపువానిని నిందించితిమి. అతడు సరకును నిందించెను. మూడవమారు మా గోదాము ముంగిటనే విప్పించి, దగ్గర కూర్చుండి చూచితిమి. కడ్డీపై సీలు తాకుచోట గోరు దిగునంత గాడి పడియున్నది. బ్రీదరు ఎండిన బురదతో బిరడా బిగించినట్లు మూసికొనిపోయినది. ఈ రెండింటిని అట్లే యుంచి ఎన్ని సీళ్లు వేసినను ఏమి లాభము? సీలు మార్చుమంటిమేగాని, అది ఏల చెడెనో చూడుమని మేమును చెప్పలేదు. ఇంతలో నీటిచమురులో తిరిగిన క్రిందిబేరింగు త్రుప్పుపట్టి గరగరలాడుచుండెను, దానినిగూడ మార్చవలసివచ్చెను. ట్రాక్టరు నిలిచిన దినములలో వంతు వ్రాయించుకొన్న సభ్యులు అడిగినంత బాడుగ యిచ్చి పొరుగూరినుండి బండ్లు తెచ్చుకొనిరి. నారు ముదిరిపోయినవారును వారిలో కలరు. అందుకు మేము నేటికిని సిగ్గుపడుచున్నాము.

ఇక పని విషయము. కాలువకు నీరు వదలిన తరువాత కాక, రోహిణికార్తెలోనే దీనికి పూనుకొనవలెను. గట్టి సమనేలపై బండిని నిలిపి, బ్రేకు వేసి, తాళపుచెవి తీసి, వెనుకచక్రములకు దిమ్మలు అడ్డుపెట్టవలెను. చక్రపు బోల్టులను నేలమీద నుండగానే కొద్దిగా వదలుచేసి తరువాత జాకీ ఎత్తవలెను. ముందు ఇరుసు నడుమ నొక్క చీలపై ఊగుచుండునని మరువరాదు. ఇరుసుకును బండికట్టుకును నడుమ ఇరువైపుల కొయ్యదిమ్మలు గట్టిగా దూర్చనిచో, ఒక చక్రము తీయగానే బండి ప్రక్కకు ఒరుగును. జాకీని మాత్రమే నమ్మి బండిక్రింద చేయి పెట్టరాదు, స్టాండ్లు వేయవలెను.

చక్రము తీయకమునుపు దానిని పైనను క్రిందను పట్టుకొని ఊపి చూడుడు. కదలిక యున్నచో బేరింగు అరిగినది. కదలు కడ్డీపై ఏ సీలును నిలువదు. పిదప చమురును పాత్రలోనికి దింపి, అందులో ఇనుపపొడి యున్నదా, ముక్కలున్నవా పరీక్షింపవలెను. సన్ననిపొడికి భయములేదు, పంటి ముక్కలు కనబడిన పెట్టెను పూర్తిగా విప్పక తప్పదు. మూతబోల్టులు తీసి ఇరుసును బేరింగుతో సహా వెలికి లాగునపుడు, మధ్యనుండు పలుచని రేకులు, అనగా షిమ్ములు, ఏవి ఎచ్చటివో అచ్చటనే మరల పడునట్లు దారమున గ్రుచ్చి యుంచవలెను. గేరుపండ్ల నడుమ ఎడము ఆ రేకులపైననే ఆధారపడియున్నది.

ఇప్పుడు కడ్డీని డీజిలుతో కడిగి గుడ్డతో తుడిచి, సీలు తాకుచోట గోటితో గీచి చూడవలెను. చాలచోట్ల గడ్డిపరకలును, గడ్డికట్టల నైలాను దారమును చుట్టుకొని పెదవిని కోసియుండును. గోరు తగులుకొన్నచో గాడి పడినదన్నమాట. గాడిపై తొడుగు సన్నని ఉక్కుకవచము కొన్నికొలతలలో దొరకును. గూటిలో చోటున్నయెడల క్రొత్తసీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు ప్రక్కకు నిలిపి, పెదవి నునుపైనచోట తాకునట్లు చేయవచ్చును. రెండును వీలుకానిచో కడ్డీనే మార్చవలెను. ఆకురాయితో అరగదీసి సరిపెట్టుట పనికిరాదు.

పాతసీలుపై మూడు అంకెలుండును. 35-52-7 అని యున్నచో కడ్డీ మందము, గూటి వెడల్పు, సీలు దళసరి మిల్లీమీటర్లలో నని అర్థము. అయితే అంకెలు సరిపోయినంతమాత్రమున తీసికొనరాదు. దమ్ముబండ్లకు మన్నుపెదవి గలది, లేక కడ్డీతో తిరుగు లోపలియుంగరము గల క్యాసెట్టు సీలు వేసియుండవచ్చును. పాతదానిని చేత పట్టుకొనిపోయి పోల్చి తెచ్చుకొనవలెను. రూపాయి తక్కువయని పల్చని సీలు కొనువారితో మేము వాదింపము. వారు మరల కొననే కొందురు.

క్రొత్తసీలు స్ప్రింగు గల ప్రక్క చమురువైపునకే యుండవలెను. రెండు పెదవుల నడుమ కొంచెము గ్రీజు, లోపలి పెదవికి చమురు పూయవలెను. పొడిపెదవి మొదటి గంటలోనే కాలును. కడ్డీ చివరనుండు పండ్లు, మరలు పెదవిని చీల్చకుండ వానిపై నున్నని టేపు చుట్టవలెను. సుత్తితో ఒకప్రక్క కొట్టి దింపినసీలు వంకరపోవును. సీలు వెలికట్టునకు సరిపోవు గొట్టపుముక్క పెట్టి, చుట్టును సమముగ మెల్లగా తట్టుచు దింపవలెను. మూతకు పాత రబ్బరుయుంగరము మరల వేయరాదు. గ్యాస్కెటుపూత పూయవలసినచో పలుచగా పూయుడు. దళసరిపూత లోనికి జారి చమురుదారిని మూయును. బోల్టులను ఎదురెదురుగా, బండితో ఇచ్చిన పుస్తకములోని లెక్కప్రకారము టార్కు రెంచితో బిగింపవలెను.

చమురును ఆ పుస్తకములో చెప్పిన రకమే పోయవలెను. అది ఇరుసుగొట్టములలో మెల్లగా సాగును గనుక, మట్టమునకు వచ్చినదనుకొన్న పదినిమిషములకు మరల చూచి పోయవలెను. మట్టమునకు మించినదియు సీలునకు చేటే. బ్రీదరును విప్పి, కడిగి, ఊది చూడక బండిని దింపవలదు. కొన్నిగంటలు నడచిన పిదప చక్రపు బోల్టులను మరల బిగింపవలెను. దమ్ముల దినములలో సాయంకాలము చక్రములవెనుక చుట్టుకొన్న గడ్డిని కొడవలిమొనతోకాక చేతితో తీసివేయుడు. మోటారుపంపు ధారను నేరుగ సీలుపై కొట్టించి కడుగవలదు.

సీళ్లు దించుటకు తగిన గొట్టపుముక్కలను, టార్కు రెంచిని సంఘపు గోదాములో నుంచితిమి. సభ్యులు పుస్తకములో సంతకము చేసి తీసికొనిపోవచ్చును. మూడవదినమున తెచ్చి యిచ్చినచో తరువాతి వానికి ఆలస్యము కాదు.