గడియారాలు చెడిన ఉపగ్రహం

పిల్లలూ! నందిగామ నుంచి జగ్గయ్యపేటకు సుమారు పాతిక కిలోమీటర్లు. బస్సుకు అరగంట పైగా పడుతుంది. మరి రేడియో తరంగానికి? అది సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే సెకనులో పన్నెండు వేలవ వంతు చాలు! ఈ లెక్క గుర్తుంచుకోండి, పనికొస్తుంది.

2013 జూలై 1 రాత్రి శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి.-సి22 రాకెట్టు 1,425 కిలోల ఉపగ్రహాన్ని తీసుకుపోయింది. దాని పేరు ఐ.ఆర్.ఎన్.ఎస్.ఎస్.-1ఎ. దారి చూపడానికి మన దేశం కడుతున్న ఉపగ్రహ కుటుంబంలో అదే పెద్దబిడ్డ. 2016 ఏప్రిల్ నాటికి ఏడుగురయ్యారు. ఆ కుటుంబానికి ‘నావిక్’ అని పేరు పెట్టారు.

ఇంతకూ ఉపగ్రహం దారి ఎలా చూపుతుంది? నిజానికి అది చూపదు. “నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు ఇంత సమయమైంది” అని మాత్రం ఎడతెగకుండా చెబుతూ ఉంటుంది. ఆ కబురు మనల్ని చేరడానికి పట్టిన కాలాన్ని వేగంతో గుణిస్తే దూరం వస్తుంది. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మనమున్న చోటు తేలాలి. కాని మన చేతిలోని యంత్రంలో ఉండేది చవక గడియారం. దాని తప్పును సరిదిద్దుకోవడానికి నాలుగో ఉపగ్రహం కావాలి.

ఉపగ్రహం గడియారమే తప్పితే? సెకనులో పది లక్షలవ వంతు తేడాకు దూరం 300 మీటర్లు తప్పుతుంది. పన్నెండు వేలవ వంతు తప్పితే ఎంతో మీరే చెప్పండి!

అందుకే దానిలో రుబీడియం అణు గడియారాలు పెట్టారు. రుబీడియం పరమాణువు సెకనుకు సుమారు 683 కోట్ల సార్లు కంపించే తరంగానికే స్పందిస్తుంది. ఆ కంపనాలే దాని టిక్ టిక్‌లు. ఒకటి చెడినా పని ఆగకూడదని మూడు పెట్టారు. అయినా 2016లో ఒకటి, తరువాత మిగిలిన రెండూ చెడిపోయాయి. అవి ఐరోపా నుంచి కొన్నవి. ఐరోపావారి గెలీలియో ఉపగ్రహాల్లోనూ కొన్ని అణు గడియారాలు ఆగిపోయాయి. 36,000 కిలోమీటర్ల ఎత్తుకు నిచ్చెన వేసి బాగుచేసేవారెవరు?

బదులుగా 2017 ఆగస్టు 31న 1హెచ్‌ను పంపారు. రాకెట్టు కొసన ఉన్న ఉష్ణకవచం ఊడలేదు. పాపం, ఉపగ్రహం అందులోనే చిక్కుకుపోయింది. 2018 ఏప్రిల్ 12న 1ఐ కక్ష్య చేరింది. పెద్దబిడ్డ మాత్రం ఖాళీగా కూర్చోలేదు. సమయం సరిగా చెప్పలేకపోయినా రేడియో పనిచేస్తోంది కదా! దాన్ని సందేశాలు ప్రసారం చేయడానికి వాడుకున్నారు.

2023 మే 29న శ్రీహరికోట నుంచే బయలుదేరిన ఎన్.వి.ఎస్.-01లో మొదటిసారిగా అహమ్మదాబాదులో తయారైన రుబీడియం గడియారం పెట్టి పంపారు.