ఆటగాని చూపు

క్రికెట్ వ్యాఖ్యానము వినిపించునపుడు మేము, “బంతిని చివరివరకు చూచి కొట్టినాడు” అని తరచుగా చెప్పుచుందుము. శ్రోతలును అట్లే ఊహించుకొందురు. శాస్త్రజ్ఞులు పరీక్షించి చూడగా, ఈ మాట పూర్తిగా నిజము కాదని తేలినది.

గంటకు 140 కిలోమీటర్ల వేగముతో వేసిన బంతి సుమారు అర సెకనులో బ్యాటును చేరును. కంటికి కనబడినదానిని మెదడు గ్రహించి చేతిని సవరించుటకే సెకనులో దాదాపు అయిదవ వంతు పట్టును. ఇంత స్వల్పవ్యవధిలో బంతి దారి పొడవునా చూపు దాని వెంట పరుగెత్తజాలదు.

మరి ఆటగాడు ఏమి చేయును? ఇంగ్లండులో మైకేల్ ల్యాండ్, పీటర్ మెక్లాడ్ అను శాస్త్రజ్ఞులు ఆటగాండ్ర తలకు చిన్న కెమెరా అమర్చి, వారి కంటి కదలికలను చిత్రించి, ఫలితములను 2000లో ప్రకటించిరి. బంతి వెలువడిన క్షణమున ఆటగాడు దానిని చూచును. అంతలోనే చూపును బంతి నేలను తాకబోవు చోటికి దూకించి, అచ్చట దానికై వేచియుండును. నేర్పరి చూపు ముందుగా దూకును; నేర్పు తక్కువైనవాని చూపు ఆలస్యముగా దూకును.

కనుక గొప్ప ఆటగాని కన్ను మన కంటికంటె పదునైనదై యుండనక్కరలేదు. ఎప్పుడు, ఎచ్చట చూడవలెనో అతనికి తెలియును. మన్సూర్ అలీఖాన్ పటౌడీ 1961లో ఇంగ్లండులో జరిగిన కారు ప్రమాదమున కుడికంటి చూపును దాదాపుగా కోల్పోయెను. అయినను ఆరు నెలలలోపుననే టెస్టు ఆటలో దిగెను. 1962లో, 21 ఏండ్ల ప్రాయమున, భారతజట్టుకు నాయకుడయ్యెను. 1964లో ఢిల్లీలో ఇంగ్లండుపై 203 పరుగులు చేసి అజేయుడుగా నిలిచెను. తరువాత హైదరాబాదు జట్టు పక్షమున కూడ ఆడెను.

ఈ చూపును సాధనచే నేర్పవచ్చును. బంతి చేతినుండి వెలువడు క్షణమున చలనచిత్రమును ఆపివేసి, “ఇది ఎచ్చట పడును?” అని అడుగుట ఒక పద్ధతి. కెనడాలో జోన్ వికర్స్ అను విదుషి బాస్కెట్‌బాల్ ఆటగాండ్రను పరిశీలించి, నేర్పరులు బంతి విసరుటకు ముందు చూపును బుట్టపై ఎక్కువసేపు నిశ్చలముగా నిలుపుదురని కనుగొనెను. ఈ నిశ్చలదృష్టిని నేడు పలు క్రీడలలో అభ్యసింపజేయుచున్నారు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. మిణుకుమను దీపములను తాకుట, అక్షరపటములను చదువుట వంటి కంటి కసరత్తులు ఆటను మెరుగుపరచునని చెప్పువారు కలరు. 2001లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో అట్టి సాధారణ కసరత్తులవలన ఆటలో ప్రత్యేకలాభమేదియు కనబడలేదు. దీపములను తాకుటలో నేర్పు పెరిగినంతమాత్రమున బంతిని పట్టుటలో నేర్పు పెరుగదు. ఏ ఆటకు కావలసిన చూపు ఆ ఆటలోనే అలవడును.

తల్లిదండ్రులకు మేము విన్నవించునది ఇంతే. బంతిని పట్టలేని పిల్లవానిని మందమతియని గేలిచేయకుడు. ముందుగా వైద్యునిచే కన్నులు పరీక్షింపజేయుడు. కళ్ళజోడు కావలసివచ్చినచో, దానితోనే ఆడనిండు. అటుపిమ్మట పెరటిలో బంతి వేయుచు, “బంతిని చూడు” అనుటకు మారుగా, “ఎచ్చట పడునో ముందే చెప్పు” అని అడుగుడు. ఖర్చులేని ఈ ప్రశ్నయే మంచి శిక్షణకు నాంది.