రాయ్‌పుర్ నుంచి విశాఖకు బైక్‌పై వెళ్తున్నారా? ఫోన్‌లో మ్యాప్ చూపే గీతను ఎంతవరకు నమ్మొచ్చు?

రాయ్‌పుర్‌లోనో, పక్కనున్న భిలాయిలోనో ఉంటూ సెలవులకు బైక్‌పై విశాఖ వెళ్దామనుకునేవారు మొదట చేసేది ఫోన్‌లో మ్యాప్ తెరవడం. రెండు మూడు గీతలు కనిపిస్తాయి. తక్కువ సమయం చూపేదాన్ని ఎంచుకుంటాం. చిక్కు అక్కడే మొదలవుతుంది.

గూగుల్ మ్యాప్స్ టూ వీలర్ మోడ్‌ను 2017 డిసెంబర్‌లో మొదట మన దేశంలోనే తెచ్చారు. కార్లు పట్టని సందులనూ అది లెక్కలోకి తీసుకుంటుంది. నగరంలో బాగా పనికొస్తుంది. బస్తర్ అడవుల్లో మాత్రం పది కిలోమీటర్లు కలిసొచ్చే ఆ అడ్డదారి, వానాకాలంలో వాగు దాటాల్సిన మట్టిరోడ్డు కావొచ్చు.

దక్షిణానికి వెళ్లే పాత దారి 30వ నంబరు జాతీయ రహదారి. ధమ్తరి, కాంకేర్, కేశ్‌కాల్ ఘాట్, కొండగావ్ దాటి సుమారు 300 కిలోమీటర్లకు జగ్‌దల్‌పుర్ వస్తుంది. అక్కడి నుంచి జయపురం, కొరాపుట్, సాలూరు మీదుగా విజయనగరం, విశాఖ చేరొచ్చు. 30వ నంబరునే పట్టుకుని వెళ్తే సుక్మా, కుంట, చింతూరు, భద్రాచలం మీదుగా విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో తేలతారు.

కేశ్‌కాల్ మలుపుల్లో ఒక్క లారీ చెడిపోయినా వెనకాల బారులు తీరతాయి. మ్యాప్‌లో రోడ్డు ఎర్రగా లేదు కదా అని ధీమాగా బయల్దేరడానికి లేదు. ఆ రంగులు ఆ దారిలో వెళ్తున్నవారి ఫోన్లు పంపే సమాచారాన్ని బట్టి వస్తాయి. సిగ్నల్ అందని చోట రంగు లేదంటే రోడ్డు ఖాళీ అని కాదు, చెప్పేవాళ్లు లేరని అర్థం.

కొన్నిచోట్ల మ్యాప్‌లో గీత ఉన్నా రోడ్డు ఉండదు. 2024 నవంబర్‌లో ఉత్తర్‌ప్రదేశ్‌లో బరేలీ-బదాయూ మధ్య నావిగేషన్ చూస్తూ వెళ్లిన కారు, వరదకు కొంత కొట్టుకుపోయిన వంతెన మీది నుంచి రామగంగలో పడి ముగ్గురు చనిపోయారు. రాయ్‌పుర్-విశాఖ ఆరు వరుసల కారిడార్ విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. సుమారు 464 కిలోమీటర్ల ఈ మార్గంలో ఛత్తీస్‌గఢ్ వైపు పనులకు 2023 జులైలో ప్రధాని శంకుస్థాపన చేశారు. ఉదంతి అభయారణ్యం ప్రాంతంలో 2.8 కిలోమీటర్ల సొరంగం, జంతువులు దాటడానికి 27 మార్గాలు, కోతుల కోసం 17 పందిళ్లు ప్రణాళికలో ఉన్నాయి. కోతుల సంగతి సరే, బైకుల మాటేమిటి? బెంగళూరు-మైసూరు, దిల్లీ-ముంబయి వంటి ప్రవేశ నియంత్రణ ఉన్న రోడ్లపై ద్విచక్ర వాహనాలను ప్రధాన మార్గంలోకి రానివ్వడం లేదు. కాబట్టి యాప్ ఆ గీతను చూపినా, రోడ్డు తెరిచారా, బైకులకు అనుమతి ఉందా అన్నది ముందే కనుక్కోవాలి.

ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. ఖర్చు తగ్గుతుందని 'టోల్ వద్దు' అనే ఆప్షన్ పెడతారు. జాతీయ రహదారులపై ద్విచక్ర వాహనాలకు టోలే లేదు. ఆ ఆప్షన్ వల్ల మిగిలేదేమీ ఉండదు, మంచి రోడ్డు మాత్రం పోతుంది.

పెట్రోల్ బంకు మ్యాప్‌లో కనిపించగానే సరిపోదు. దాని కింద చివరి ఫొటో, చివరి వ్యాఖ్య ఏ నెలవో చూడండి. రెండేళ్లుగా ఎవరూ ఏమీ రాయకపోతే దాన్ని లెక్కలోంచి తీసేసి, ముందు ఊళ్లోనే ట్యాంకు నింపుకోవడం మేలు. సుక్మా వైపు వెళ్లేవారికి ఇది మరీ ముఖ్యం. ఇంట్లో వైఫై ఉండగానే ఆ ప్రాంతం మొత్తం ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోవాలి.

వానాకాలమైతే ఫోన్‌లో 'దామిని' యాప్ ఉండాలి. పుణెలోని ఐఐటీఎం తయారుచేసిన ఈ యాప్ చుట్టుపక్కల పిడుగులు పడే అవకాశాన్ని హెచ్చరిస్తుంది. కారులో ఉన్నవారికి పైకప్పు ఉంటుంది, బైక్ మీద హెల్మెట్టే. అయితే దామినికీ ఇంటర్నెట్ కావాలి. ఘాట్ ఎక్కాక చూద్దామంటే కుదరదు, కింద ఊళ్లో టీ తాగుతున్నప్పుడే చూసుకోవాలి.

చేరే సమయం సంగతికొస్తే, యాప్ చెప్పేదాంట్లో ఆ టీ ఉండదు, నడుం నొప్పి ఉండదు. చీకటి పడకముందే జగ్‌దల్‌పుర్ చేరేలా బయల్దేరి, రాత్రికి అక్కడే ఆగడం నయం. బస్తర్ దసరా చివరి రోజుల్లో అక్కడ గది దొరకడం కష్టం, ముందే బుక్ చేసుకోవాలి. లైవ్ లొకేషన్ కూడా సిగ్నల్ లేకపోతే ఆగిపోతుంది. అందుకే కాంకేర్‌లో ఒకసారి, కొండగావ్‌లో ఒకసారి ఫోన్ చేస్తానని ఇంట్లో చెప్పి వెళ్లండి. జాతీయ రహదారిపై సాయానికి 1033, అత్యవసరమైతే 112.