ఓరుగల్లు అలంకారశాస్త్రం: అపోహలు – వాస్తవాలు

వర్ధన్నపేటలో బస్సెక్కితే ఖమ్మం రోడ్డు మీద వరంగల్ కోటకు గంట ప్రయాణం. కోటకు వెళ్లినవాళ్లు కీర్తితోరణాల దగ్గర ఫొటోలు దిగి, రాళ్ల చెక్కడం చూసి వచ్చేస్తారు. ఆ కోటలోనే మాటను ఎలా చెక్కాలో చెప్పే పాఠ్యగ్రంథం కూడా పుట్టింది. విద్యానాథుడు సంస్కృతంలో రాసిన ఆ పుస్తకం పేరు ‘ప్రతాపరుద్ర యశోభూషణం’. అందరూ ప్రతాపరుద్రీయం అంటారు. దాని చుట్టూ, మొత్తంగా అలంకారశాస్త్రం చుట్టూ అల్లుకున్న అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ప్రతాపరుద్రీయం అంటే నాటకం. యుగంధరుడు, పేరిగాడు ఉండేది అందులోనే కదా.

వాస్తవం: అది వేదం వేంకటరాయశాస్త్రి 19వ శతాబ్దం చివర్లో రాసిన తెలుగు నాటకం. పేరొక్కటే, పుస్తకాలు రెండు. తమాషా ఏమిటంటే, విద్యానాథుడి గ్రంథంలోనూ ఒక నాటకం ఉంది. నాటక లక్షణాలు చెబుతూ, ఇదిగో ఇలా ఉండాలని అయిదంకాల ‘ప్రతాపరుద్ర కల్యాణం’ రాసి మధ్యలో పెట్టేశాడు. పేరు చూసి పెళ్లి కథ అనుకోవద్దు. అది పట్టాభిషేకం కథ.

అపోహ: అలంకారశాస్త్రమంటే ఉపమ, రూపకం, ఉత్ప్రేక్షల జాబితా. మాటకు నగలు తొడగడమే దాని పని.

వాస్తవం: ఇది పదో తరగతి తెలుగు పేపరు పెట్టిన అపోహ. లక్షణం రాసి, ఉదాహరణ రాసి, సమన్వయం చేస్తే మార్కులు పడతాయి. శాస్త్రం అక్కడితో అయిపోయిందనుకుంటాం. విద్యానాథుడి పుస్తకంలో ప్రకరణాలు తొమ్మిది: నాయకుడు, కావ్యం, నాటకం, రసం, దోషం, గుణం, శబ్దాలంకారం, అర్థాలంకారం, మిశ్రాలంకారం. అలంకారాల వంతు చివరి మూడింటిలో గానీ రాలేదు. వాటికి ముందు దోషాలకు ఒక ప్రకరణం మొత్తం ఇచ్చాడు. తప్పు లేకుండా రాయడం వచ్చాకే సొగసు.

ఆయన కావ్యాన్ని ఒక మనిషిగా ఊహించాడు. శబ్దం, అర్థం కలిసి ఒళ్లు. వ్యంగ్యం, అంటే సూచనగా అందే అర్థం, ప్రాణం. గుణాలు శౌర్యం లాంటివి, రీతులు స్వభావం. ఉపమాదులైన అలంకారాలు? మెడలో హారాలు, అంతే. హారం తీసినా మనిషి బతికే ఉంటాడు. అలంకారశాస్త్రం రాసినవాడే అలంకారానికి ఇచ్చిన చోటు ఇది.

ఇక్కడే ఆయన శయ్య, పాకం అనే రెండు సంగతులు చెబుతాడు. నాకు పుస్తకమంతటిలో బాగా నచ్చిన చోటు ఇదే. శయ్య అంటే పదాల మధ్య స్నేహం. ఒక పదాన్ని తీసి దాని పర్యాయపదం పెట్టలేనంతగా అవి ఒకదానికొకటి కుదురుకోవాలి. ‘అమ్మ చేతి ముద్ద’ అంటాం. అందులో అమ్మను తీసి ‘మాత చేతి ముద్ద’ అని చూడండి. నిఘంటువు ప్రకారం అర్థం ఎక్కడికీ పోలేదు, ముద్ద మాత్రం నోట్లోకి పోదు. పాకమంటే రుచి అందే తీరు. నోట్లో వేసుకోగానే తెలిసేది ద్రాక్షాపాకం, పగలగొట్టుకుని తినాల్సింది నారికేళపాకం. ఈ రెండూ నగల గురించి కాదు, మాట ఎదుటి మనిషికి ఎలా చేరుతుందన్న దాని గురించి.

అపోహ: మాటతీరును శాస్త్రంగా చదవడం యూరప్ పునరుజ్జీవన కాలంలో మొదలైంది. మనం వాళ్లను చూసి నేర్చుకున్నాం.

వాస్తవం: 1323లో ఢిల్లీ సేనలతో వచ్చిన ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును పట్టుకుని కాకతీయ రాజు ప్రతాపరుద్రుణ్ని బందీగా తీసుకెళ్లాడు. విద్యానాథుడి గ్రంథం ఆ రాజు వైభవంలో ఉన్న కాలం నాటిది. ఇటలీలో పునరుజ్జీవనానికి ఆద్యుడిగా చెప్పే పెట్రార్క్‌కు 1323లో పంతొమ్మిదేళ్లు. రోమన్ వక్తృత్వ గురువు క్వింటిలియన్ పూర్తి గ్రంథం పోజో బ్రాచొలీనికి సెయింట్ గాల్ మఠంలో దొరికింది 1416లో.

అలాగని ‘అన్నీ మనమే ముందు’ అని జబ్బలు చరుచుకోవడం కూడా ఇంకో అపోహే. గ్రీకులు, రోమన్లు ఈ విద్యను అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే చదివారు. మన దగ్గరా భరతుడు, భామహుడు, దండి ఎప్పటివాళ్లో. పైగా దారులు వేరు. వాళ్లది సభలో, న్యాయస్థానంలో ఎదుటివాణ్ని ఒప్పించే విద్య, ఉత్తరం రాసే విద్య. యూరప్ పునరుజ్జీవన పండితుడు ఎరాస్మస్ 1512లో అచ్చేసిన పుస్తకంలో, మీ ఉత్తరం నాకెంతో సంతోషం కలిగించిందనే ఒక్క వాక్యాన్ని లాటిన్‌లో నూటికి పైగా రకాలుగా తిప్పి రాసి చూపించాడు. మనది కావ్యాన్ని, నాటకాన్ని ఆస్వాదించే విద్య. కోర్టు వాదన మన అలంకారికులకు పట్టలేదు. అది లోటేనని నా అభిప్రాయం.

అలంకారమే సర్వస్వమన్న పొరపాటు యూరప్‌లోనూ జరిగింది. 16వ శతాబ్దంలో పీటర్ రామస్ అనే పండితుడు విషయాన్ని వెతకడం, వరసలో పెట్టడం అనే రెండు పనులనూ తర్కశాస్త్రానికి అప్పగించాడు. వక్తృత్వానికి శైలి, చెప్పే తీరు మిగిలాయి.

అపోహ: ఉదాహరణలన్నీ రాజు పొగడ్తలే, కాబట్టి ప్రతాపరుద్రీయం వట్టి భట్రాజు పుస్తకం.

వాస్తవం: పొగడ్తలన్నది నిజమే. ప్రతి ఉదాహరణా ప్రతాపరుద్రుడి మీదే కట్టాడు. నాయకుడి గొప్పతనమే కావ్యానికి గొప్పతనం తెస్తుందని ఆయన సిద్ధాంతం. నాకు అది మింగుడు పడదు. కానీ శాస్త్రం విషయంలో ఆయన తనకు ముందరి అలంకారికులు మమ్మటుణ్ని, రుయ్యకుణ్ని ఆధారం చేసుకుని నడిచాడు. దక్షిణాదిలో ఈ పుస్తకం పాఠ్యగ్రంథమైంది. మల్లినాథసూరి కొడుకు కుమారస్వామి ‘రత్నాపణం’ పేరుతో వ్యాఖ్య రాశాడు. వాళ్ల ఇంటిపేరు కొలాచలం, మెదక్ దగ్గరి కొల్చారం. ఒక హెచ్చరిక మాత్రం అవసరం: అతిశయోక్తికి ఉదాహరణగా రాసిన శ్లోకాన్ని తీసుకొచ్చి ప్రతాపరుద్రుడు ఫలానా దేశాలన్నీ గెలిచాడని చరిత్ర రాయకూడదు.

అపోహ: తెలుగులో అలంకారశాస్త్రమే లేదు.

వాస్తవం: ఉంది. విన్నకోట పెద్దన ‘కావ్యాలంకార చూడామణి’, అనంతామాత్యుడి ‘రసాభరణం’ ఉన్నాయి. 16వ శతాబ్దంలో వసుచరిత్ర కవి భట్టుమూర్తి, ప్రతాపరుద్రీయం దారిలోనే ‘నరసభూపాలీయం’ రాశాడు.

అపోహ: దేశి కవులకు ఈ శాస్త్రం తెలియదు, అందుకే ద్విపద పట్టుకున్నారు.

వాస్తవం: మన పక్కనున్న పాలకుర్తి సోమనాథుణ్నే చూడండి. వృషాధిప శతకంలో సంస్కృతం, కన్నడం, తమిళం, మరాఠీ భాషల్లోనూ పద్యాలు చెప్పినవాడు. చేతకాక కాదు, జనానికి చేరాలని ద్విపద ఎంచుకున్నాడు. బమ్మెర పోతన అంత్యప్రాసలు విని తలూపనివాళ్లు లేరు. ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు కథకుడు ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ వంతవాడికి మాట అందించాలో ఏ ప్రకరణం చదివి నేర్చుకున్నాడు? విన్నవాళ్ల ముఖాలు చూసి నేర్చుకున్నాడు.

తెలుగు మాస్టార్లకు ఒక్క మనవి. ఈసారి అలంకారాల పాఠం ఉపమతో కాకుండా శయ్యతో మొదలుపెట్టండి. బోర్డు మీద పిల్లలకు తెలిసిన ఒక వాక్యం రాసి, అందులో ఒక్క మాట మార్చి చదివించండి.